వంతెన పూర్తయ్యే తేదీ: అపోహలు - వాస్తవాలు

గోదావరి పాయల మీద వంతెన పనులకు షెడ్యూళ్లు వేయడం నా ఉద్యోగం. సైటు దగ్గర ఎవరు ఆపినా ఒకటే ప్రశ్న: "ఎప్పటికవుద్దండి?"

అపోహ: బోర్డు మీద తేదీ రాశారంటే అప్పటికి అయిపోతుంది.

వాస్తవం: జనం దాన్ని పెళ్లి ముహూర్తంలా చూస్తారు. కాదండీ, అది షరతుల మీద నిలబడ్డ అంచనా. భూసేకరణ తేలాలి, కరెంటు లైన్లు జరపాలి, వరదలోపు నదిలో పునాదులు పైకి రావాలి. ఇవేవీ బోర్డు మీద ఉండవు. మేమైనా రాబోయే రెండు మూడు నెలల పనినే రోజుల లెక్కన రాసుకుంటాం. ఆ తర్వాతది నెలల లెక్క. మూడేళ్ల అవతలిది ఉజ్జాయింపు. జూన్‌లో పునాది పదిహేను రోజులు వెనకబడితే వరద తీసేదాకా ఆగాల్సిందే, అంటే నెలలు పోయినట్టు. పెద్ద వరద ఆగస్టులో కదా అంటారు. 2022లో జులై మధ్యకే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పోలవరం ప్రాజెక్టులో 2018లో పూర్తయిన డయాఫ్రం వాల్ (డ్యాం కింద నీరు ఊరకుండా నేలలోకి దించే గోడ) తర్వాతి వరదల్లో దెబ్బతింటే, కొత్త గోడ పని 2025లో మొదలైంది. అలాంటి ఏడాదిని ముందే ఏ షెడ్యూల్లో రాస్తాం?

లంక రైతు ఒకాయన వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు పక్కన స్థలానికి వడ్డీకి తెచ్చి అడ్వాన్సు ఇచ్చేశాడు. ఫోన్లో "సంక్రాంతికి ప్రారంభం" అని మెసేజ్. పంపింది ఎవరో కాదు, స్థలాలు అమ్మే మనిషే! అప్పటికి ఆ గట్టున భూసేకరణే పూర్తవలేదు. ఆ మాట చెబితే, "మరి బోర్డు మీద రాశారు కదండీ" అన్నాడు పాపం. ఇలాంటి మెసేజ్‌లు పుట్టించేవాళ్ల మీదే నాకు మంట.

అప్పు చేసే ముందు తేదీ అడక్కండి. మీ వైపు భూమి చేతికొచ్చిందా, ఈ వేసవిలో ముగియాల్సిన పని ముగిసిందా అని అడగండి.

అపోహ: చివర్లో మనుషుల్ని పెంచితే అందుకుంటారు. కొంతవరకే. ఎంతమందిని దింపినా కాంక్రీటు తన టైము తనే తీసుకుంటుంది.

అపోహ: తేదీ వెనక్కి జరిగిందంటే డబ్బు తిన్నారు. తినేవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ వరదకి జరిగిందా, బిల్లులు ఆగి జరిగిందా అన్నది విడిగా చూడాలి.

అపోహ: ఎలాగూ మారేదే, ప్లాన్ దేనికి? వచ్చే నెల సిమెంటు, క్రేను, సామాను మోసే బార్జి పడవ టైముకి రావాలంటే మరి?