ఆరో ఘాతపు కొలబద్ద

"కణంలో ఫలానా ప్రోటీన్ ఫలానా ప్రోటీన్‌తో జతకడుతుందని అంత ధీమాగా రాస్తారు కదా, అది ఎవరైనా చూశారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే చుక్కగా కలిసిపోతాయి. చాలా ప్రోటీన్ల సైజు 5, 10 నానోమీటర్లకు మించదు. అంటే రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నా, మధ్యలో ఇంకో 20 ప్రోటీన్లు వరసగా పట్టేంత ఖాళీ ఉన్నా, సూక్ష్మదర్శినికి తేడా తెలియదు.

అయినా తెలుసుకునే దారి ఉంది. దాన్ని ఫోర్‌స్టర్ రెసొనెన్స్ ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, పొట్టిగా ఫ్రెట్ అంటారు. ప్రతిదీప్తి (కాంతిని పీల్చుకుని మరో రంగులో వెలిగే గుణం) ఉన్న ఒక అణువు నుంచి పక్కనున్న ఇంకో అణువుకు శక్తి చేతులు మారడమే ఫ్రెట్. ఇచ్చేదాన్ని దాత అనీ, పుచ్చుకునేదాన్ని గ్రహీత అనీ అందాం.

ఒకే శ్రుతిలో ఉన్న రెండు తంబూరాలను పక్కపక్కన పెట్టి ఒకదాని తీగ మీటితే, రెండోదాని తీగ ఎవరూ ముట్టకుండానే మోగుతుంది. ఇక్కడ మీటేది లేజర్. దాత కంపిస్తుంది, గ్రహీత అందుకుంటుంది. శ్రుతి కుదరకపోతే ఎంత దగ్గర పెట్టినా లాభం లేదు. అందుకే దాత వెలువరించే తరంగదైర్ఘ్యాలూ గ్రహీత పీల్చుకునే తరంగదైర్ఘ్యాలూ కొంతైనా కలవాలి. మోత ఆగేలోపే అందుకోవాలి కూడా. దాతలో శక్తి నిలిచేది కొన్ని నానోసెకన్లే. ఆలోపు గ్రహీత తీసుకోకపోతే దాత దాన్ని తన రంగు కాంతిగా వదిలేస్తుంది. రెండు అణువులూ ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్నదీ లెక్కలోకి వస్తుంది. కంపన దిశలు ఒకదానికొకటి అడ్డంగా పడితే పక్కనే ఉన్నా శక్తి దాటకపోవచ్చు. అయితే ఒకచోట తంబూరా పోలిక ఆగిపోతుంది. వాటి మధ్య నిలబడితే మనకూ నాదం వినిపిస్తుంది. ఈ అణువుల మధ్య మాత్రం కాంతి ప్రయాణించదు, అసలు ఫోటానే పుట్టదు. దాత చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం గ్రహీతను నేరుగా కదిలిస్తుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది దూరంతో దీనికున్న లెక్క. ఆకుల్లో పత్రహరితం పట్టిన శక్తి ఒక అణువు నుంచి ఇంకో అణువుకు ఎలా చేరుతుందని ఆలోచిస్తూ, జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ ఫోర్‌స్టర్ 1940లలో ఈ లెక్క కట్టాడు. దాత లాంటి కంపించే ద్విధ్రువం (ఒక కొస ధన, ఇంకో కొస రుణ ఆవేశం ఉన్న జత) దగ్గరి క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. శక్తి దాటే వేగం ఆ క్షేత్రపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడు రెళ్లు ఆరు. కాబట్టి దూరం రెట్టింపయితే శక్తి దాటే వేగం 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది.

ఒక జంటకు 5 నానోమీటర్ల దూరంలో సగం శక్తి దాటుతుందనుకుందాం. దూరం 4.5 అయితే 65 శాతం దాటుతుంది, 5.5 అయితే 36 శాతం. అర నానోమీటరు అటూ ఇటూ జరిగితే ఇంత తేడా! 2.5 దగ్గర 98 శాతం దాటుతుంది, 10 దగ్గర ఒకటిన్నర శాతమే. ఇదే దూరంతో మెల్లగా తగ్గే బలమైతే కొలతకు పనికొచ్చేది కాదు. ఆరో ఘాతం ఇంత నిటారుగా పడిపోతుంది కాబట్టే, సరిగ్గా ప్రోటీన్ల సైజులోనే 'దగ్గర', 'దూరం' విడివిడిగా తేలుతున్నాయి. క్లాసులో శక్తి స్థాయుల బొమ్మ గీసే ముందు పిల్లల చేత ఈ లెక్క చేయిస్తే బాగుంటుంది. బొమ్మ మరిచిపోయినా 64 మరిచిపోరు.

'క్వాంటం రెసొనెన్స్‌తో శక్తి పంపి రోగం నయం చేస్తాం' అనేవాళ్లు కూడా ఈ మాటలే వాడుతున్నారు. అణువుల మధ్య ఈ రెసొనెన్స్ నిజమే, కానీ 10 నానోమీటర్లు దాటితే దాదాపు ఏమీ మిగలదు. ఎంత దూరం పనిచేస్తుందో చెప్పలేని 'శక్తి'ని నమ్మి దయచేసి మందులు మానకండి.

ఫోర్‌స్టర్ లెక్కను 1967లో స్ట్రయర్, హాగ్లాండ్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించారు. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒకటి నుంచి 12 దాకా గొలుసుగా కూర్చి, ఒక చివర దాతగా నాఫ్థైల్‌ను, ఇంకో చివర గ్రహీతగా డాన్‌సిల్‌ను అతికించారు. గొలుసు పొడవు 1.2 నుంచి 4.6 నానోమీటర్లకు పెరిగేసరికి, దాటే శక్తి 100 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. ప్రయోగంలో వచ్చిన ఘాతం 5.9, అటూ ఇటూ 0.3. ఆ గొలుసు వాళ్లు అనుకున్నంత బిర్రుగా ఉండదని తర్వాత తెలిసింది. అయినా అంత శుభ్రమైన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం.

బతికున్న కణాల్లోకి ఈ కొలబద్ద బాగా చేరింది జెల్లీఫిష్‌లోని వెలిగే ప్రోటీన్ వల్ల. 1997లో మియవాకి, రోజర్ చెన్ బృందం దాని నీలి రకాన్నీ పసుపు రకాన్నీ కాల్‌మోడ్యులిన్ అనే కాల్షియం పట్టే ప్రోటీన్‌కు, అది పట్టుకునే ఒక చిన్న పెప్టైడ్‌కు (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసుకు) జోడించి ఒకే గొలుసుగా కట్టింది. కాల్షియం రాగానే కాల్‌మోడ్యులిన్ ఆ పెప్టైడ్‌ను చుట్టేస్తుంది, రెండు రంగులూ దగ్గరపడి నీలం తగ్గి పసుపు పెరుగుతుంది. కణంలో కాల్షియం లేవడం, పడడం రంగుగా కనిపిస్తుంది.

పసుపు కనిపించగానే సంబరపడకూడదు. నీలి కాంతి కొంత పసుపు ఫిల్టర్‌లోకి కారుతుంది. ప్రోటీన్లు మరీ ఎక్కువ తయారైతే జతకట్టకపోయినా ఇరుకులో దగ్గరపడతాయి. నిజం తేల్చడానికి ఒక చక్కని పద్ధతి ఉంది: బలమైన లేజర్‌తో గ్రహీతను మాత్రమే మాడ్చేస్తారు. పుచ్చుకునేది పోయింది కాబట్టి శక్తి దాతలోనే మిగిలి, దాత కాంతి పెరుగుతుంది. పెరిగితే అంతకుముందు శక్తి దాటుతున్నట్టే. ఫ్రెట్ కనిపించకపోతే మాత్రం జత లేదని తీర్పు చెప్పలేం. రంగు అణువులు ఆ జతకు చెరో చివరన ఉండిపోయి ఉండొచ్చు.

కోవిడ్ ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షల్లో చాలావాటికి కూడా ఇదే ఆధారం, కాకపోతే తిరగేసి. వైరస్ జన్యుముక్కను గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ పోగుకు ఒక చివర దాత, ఇంకో చివర దాని కాంతిని ఆర్పే అణువు ఉంటాయి. ముక్క దొరికితే, దాన్ని కాపీ చేస్తూ వచ్చే ఎంజైమ్ ఆ పోగును కత్తిరిస్తుంది. రెండూ విడిపోయి దాత వెలుగుతుంది. ఆ వెలుగు కాపీ చేసే ఎన్నో విడతలో గీత దాటిందో చెప్పే అంకెనే రిపోర్టుల్లో సీటీ వాల్యూ అని రాశారు. అంకె తక్కువైతే శాంపిల్‌లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ ఉన్నట్టు.