గ్లాసు నీళ్ళలో బియ్యం బస్తా పోగు

ఈ పనికి స్టీలు గ్లాసు పనికిరాదు, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. గాజుదే కావాలి. దాని నిండా నీళ్ళు పోసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాను. పక్కన పళ్ళెంలో ఇల్లంతా వెతికి పోగేసిన సామాను: 26 కిలోల సోనా మసూరి బస్తా నుంచి పీకిన తెల్ల పోగు, జాకెట్లు కుట్టే ఎర్ర దారం ముక్క, పాత టూత్‌బ్రష్ కుచ్చు, అరిగిపోయిన హవాయి చెప్పు అంచు, గిన్నెలు తోమే స్పాంజి ముక్క, కాలిపోయిన మిక్సీ మోటారులోని రాగి తీగ. ఒక్కోదాన్నీ నీళ్ళలో వేసి, తడి బాగా పట్టేలా వేళ్ళతో నలిపి వదిలాను. బస్తా పోగు మళ్ళీ పైకి వచ్చేసింది. చెప్పు ముక్క బెండులా తేలింది. టూత్‌బ్రష్ కుచ్చు తొందరేమీ లేనట్టు నింపాదిగా దిగింది. స్పాంజి మొదట ధీమాగా తేలింది కానీ, నీళ్ళలోనే ఒకసారి పిండేసరికి మునిగిపోయింది. రాగి తీగ సంగతి చెప్పేదేముంది.

"రాత్రి పదకొండింటికి ఇదేం పూజరా?" అంది అమ్మ.

చేపల కోసం ఈగలు కడుతున్నానంటే ఇంకా టెన్షన్ పడుతుందని ఊరుకున్నాను.

ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి వానపాము ఉండదు, పిండి ముద్ద ఉండదు. ముల్లు చుట్టూ ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు ఉంటుంది. పేరుకు ఫ్లై అన్నారు గానీ అది ఈగే కానక్కర్లేదు. దోమ పిల్ల, తూనీగ పిల్ల, కప్ప, చిన్న చేప, దేన్ని పోలినా ఫ్లైయే. మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ తిరగేసి, బరువంతా దారంలోనే ఉంటుంది, అదే ఫ్లైని మోసుకెళ్తుంది. అందుకే ఫ్లై దూదిపింజంత తేలికైనా దూరం వెళ్ళి వాలుతుంది. దీన్ని తయారుచేయడాన్ని 'కట్టడం' అంటారు. మనం పూలు కట్టినట్టే, దారం చుడుతూ ఒక్కోటీ పెట్టి బిగించడం.

దాదాపు 1800 ఏళ్ళ కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. వాళ్ళు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. ఉన్ని, కోడి ఈక. అంటే మొదట్లో ఇది పెరట్లో దొరికే సామానుతో నడిచిన పనే. 19వ శతాబ్దపు బ్రిటన్‌కు వచ్చేసరికి దొరల సరదాగా మారి, సాల్మన్ చేపల ఫ్లైల కోసం ప్రపంచం నలుమూలల నుంచి అరుదైన పక్షుల ఈకలు ఓడల్లో దిగాయి. మన అడవికోడి మెడ మీది మైనం చుక్కల ఈకలు కూడా. ఆ పిచ్చి ఇంకా పూర్తిగా వదల్లేదు. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఒక కుర్రవాడు దొంగతనంగా చొరబడి 299 పక్షి చర్మాలు సూట్‌కేసులో నింపుకుపోయాడు. అతనికీ ఉన్నది ఫ్లైలు కట్టే సరదాయే. ఈక ఖరీదెంతో సాల్మన్‌కు మాత్రం తెలియదు.

చేపకు తెలిసేది వేరు. వస్తువు తేలుతోందా, మునుగుతోందా, ఎంత వేగంగా దిగుతోంది, నీళ్ళలో ఎలా కదులుతోంది, వెలుతురుకు ఎదురుగా దాని ఆకారం ఎలా ఉంది. ఈ ప్రశ్నల్లో సగానికి నా గాజు గ్లాసు జవాబు చెప్పేస్తుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే బియ్యం బస్తా అల్లే పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9, అందుకే ఎంత నలిపినా పైకి వస్తుంది. టూత్‌బ్రష్ నైలాన్ 1 కన్నా కొంచెమే ఎక్కువ, కాబట్టి మెల్లగా దిగుతుంది. పాలియెస్టర్ దారం 1.38, ఇంకొంచెం చురుగ్గా. రాగి దాదాపు 9. చెప్పు ముక్కలో, స్పాంజిలో రెండింట్లోనూ గాలి గదులు ఉంటాయి గానీ చెప్పులోని గదులు దేనికది మూసుకుని ఉంటాయి, స్పాంజివి ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. నీళ్ళు ఎక్కేది రెండో దాంట్లోకే. కొర్రమీను కోసం నీటి మీద తేలే కప్ప బొమ్మ చేయాలంటే చెప్పు ముక్క చాలు. స్పాంజితో చేశారో, రెండో విసురుకి తడిబట్ట విసిరినట్టే.

ఈకల కోసం మా వీధి చివర చికెన్ షాపుకి వెళ్ళాను.

"ఈకలేం జేస్తవన్నా?" అన్నాడు షాపు అబ్బాయి. చెప్పాను. కాసేపు నా మొహం చూసి, "తెల్లయి కావాల్నంటే బస్తా నిండ ఉన్నయ్, గట్టియి కావాల్నంటే ఆదివారం రా, నాటు పుంజు కోస్త" అన్నాడు.

ఏ పుస్తకమూ చదవకుండానే అతను అసలు తేడా చెప్పేశాడు. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకే కత్తికి వస్తుంది, దాని ఈకలకు పెరిగే సమయం ఉండదు. మెత్తగా, దూదిలా ఉంటాయి, నీళ్ళు పీల్చుకుంటాయి. ఏడాది దాటిన నాటు పుంజు మెడ ఈక సన్నగా, పొడుగ్గా, మెరుస్తూ ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఈక కాడ నుంచి పోగులు, ఆ పోగుల నుంచి ఇంకా సన్నటి పోగులు కనిపిస్తాయి. మామూలు ఈకలో ఈ సన్నటి పోగులకు కొక్కేలుండి జిప్పులా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పుంజు మెడ ఈకలో అవి తక్కువ. అందుకే ముల్లు చుట్టూ చుడితే పోగులన్నీ విడివిడిగా, బిరుసుగా, చక్రపు ఆకుల్లా నిలబడతాయి. నీటి మీద నిలిచే పురుగుకు కాళ్ళు అవే. అలాగని బ్రాయిలర్ ఈక వృథా కాదు, నీటి లోపల ఊగే పురుగుకు ఆ మెత్తదనమే కావాలి.

విదేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్ళు పుంజు ఈకల రంగులకు బోలెడు పేర్లు పెట్టుకున్నారు. మన కోడిపందేల వాళ్ళు ఆ పని ఎప్పుడో చేశారు: ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ కలిసినది పర్ల. నా డబ్బాల మీద నేను ఈ పేర్లే రాసుకున్నాను.

తెల్ల ఈకలకు రంగు వేయడం అన్నిటికన్నా బాగా కుదిరిన ప్రయోగం. గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల వెనిగర్, చిటికెడు కేసరి రంగు. అందులో నాలుగు బ్రాయిలర్ ఈకలు, వాటితో పాటు పోలిక కోసం ఒక నూలు దారం. ఇరవై నిమిషాల్లో గిన్నెలో నీళ్ళు తేటబడడం మొదలైంది, రంగంతా ఈకల్లోకి వెళ్ళిపోయింది. కుళాయి కింద పెడితే ఈక రంగు చెక్కుచెదరలేదు. నూలు దారం మాత్రం నిమిషంలో మళ్ళీ తెల్లగా అయింది. ఈక, ఉన్ని, మన జుట్టు, ఇవన్నీ కెరాటిన్ అనే ప్రొటీన్. ఆమ్లం తగిలితే ఆ ప్రొటీన్ మీద ధనావేశాలు ఏర్పడతాయి. మిఠాయి రంగుల అణువులది రుణావేశం. రెండూ కరుచుకుంటాయి. నూలు సెల్యులోజ్, దానికి ఆ పట్టు లేదు. వెనిగర్ లేకపోతే నిమ్మకాయ పిండినా ఇదే జరుగుతుంది. కేసరి చేసే గిన్నె మాత్రం వాడకండి, మా ఇంట్లో దాని మీద పెద్ద గొడవే అయింది.

ఒక ప్రయోగం బెడిసికొట్టింది కూడా. నాటు పుంజు ఈకలు వాసన వస్తున్నాయని గిన్నెల సబ్బుతో బాగా రుద్దాను, కడగడం మాత్రం బద్ధకించి ఒక్కసారితో సరిపెట్టాను. ఆ ఈకలతో కట్టిన ఫ్లై ఇబ్రహీంపట్నం వైపు ఒక కుంటలో వాలీ వాలగానే బుడుంగుమంది. రెండోదీ అంతే. ఉక్కు ముల్లు నీటి మీద నిలబడేది తేలికగా ఉండి కాదు, నీటి పైపొర సాగదీసిన రబ్బరులా దాన్ని మోస్తుంది కాబట్టి. దీన్నే తలతన్యత అంటారు. సబ్బు ఆ బిగువును సగానికి పైగా తగ్గించేస్తుంది. కరోనా రోజుల్లో పిల్లలు పళ్ళెంలో నీళ్ళ మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు పెట్టి చెదరగొట్టేవాళ్ళు, గుర్తుందా? ఆ ట్రిక్కే నా ఫ్లైని ముంచింది.

ఫ్లైకి కాళ్ళుగా నిలిచే ఆ ఈక పోగులు నీటి పైపొరను ఎలా నొక్కుతాయన్నది చేపకు కూడా ముఖ్యమే. నీటి లోంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. అడుగు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంపావు అడుగులు. దాని అవతల నీటి పైభాగం అద్దమైపోతుంది, అందులో చెరువు అడుగే ప్రతిబింబిస్తుంది. అక్కడ వాలిన పురుగు ఒళ్ళు చేపకు కనబడదు. కాళ్ళు గుచ్చుకున్న చోట అద్దం మీద మెరిసే చుక్కలే కనబడతాయి. పుంజు ఈక పోగులు చేసేది ఆ చుక్కలనే.

నెమలి ఈక మీద ఒక్క మాట. దాని పోగు చుడితే పచ్చగా, రాగి రంగుగా తళుక్కుమంటుంది. ఆ పచ్చదనం ఏదో పచ్చ రంగు పూత వల్ల వచ్చింది కాదు. పోగులోని మెలనిన్ (మన జుట్టుకు నలుపునిచ్చే పదార్థమే) కడ్డీల అమరిక కాంతిని విడగొట్టడం వల్ల వచ్చింది. రాబర్ట్ హుక్ 1665లోనే సూక్ష్మదర్శిని కింద నెమలి ఈకను పరిశీలించి, తడిపితే ఆ రంగులు మాయమవుతాయని గమనించాడు. మన దేశంలో రాలిన ఈకలు ఏరుకోవచ్చు. నెమలిని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. ఈకల ఎగుమతికీ అనుమతి లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఫ్రాంక్ సాయర్. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని చూసుకునే ఉద్యోగి. ఆయన కట్టిన ఒక ఫ్లైలో దారమే లేదు. సన్నటి రాగి తీగే దారం, అదే బరువు, పైన ఫెజెంట్ పక్షి తోక పోగులు నాలుగు. ఇంకో ఫ్లైకి ఆయన వాడింది మేజోళ్ళు రఫ్ఫు చేసే ఉన్ని, చాడ్విక్స్ కంపెనీది, షేడ్ నంబరు 477. తడిస్తే అది గులాబీ ఛాయ తిరిగి పురుగు ఒంటిలా కనిపించేదట. కంపెనీ ఆ ఉన్ని ఆపేశాక, పాత అట్టలకు చుట్టి మిగిలిన కాస్త ఉన్ని కోసం జనం పోటీ పడ్డారు. చింపిరి మేజోళ్ళ ఉన్ని చివరికి అడవికోడి ఈకలా అయి కూర్చుంది. నాకైతే నవ్వొస్తుంది.

తీగ కోసం వైండింగ్ షాపుకి వెళ్తే 36 గేజ్ ఇచ్చారు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు కన్నా సన్నం. దాని మీది ఎనామిల్ పూత ఎర్రగా మెరుస్తుంది. సీసం వాడొద్దు, అది విషం, తెగి చెరువులో ఉండిపోతే పక్షులు మింగుతాయి. తలకు పూస కావాలంటే అమ్మ నల్లపూసల దండ పెరిగినప్పుడు (తెగిందనకూడదు కదా) డబ్బాలో దాచినవి ఉన్నాయి. ముల్లును పట్టి ఉంచడానికి కటింగ్ ప్లయర్, దాని పిడులకు రబ్బరు బ్యాండు, ముడి వేయడానికి ఖాళీ బాల్‌పెన్ను గొట్టం, చివర గోళ్ళ రంగు ఒక చుక్క. కొనక తప్పనిది ముల్లు ఒక్కటే.

విదేశాల్లో ఫ్లైలతో ఎక్కువగా పట్టే ట్రౌట్ హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో ఉండదు, అది చల్లనీటి చేప. ఉండేవి తిలాపియా, బంగారు తీగ, కొర్రమీను. బురద అడుగున ఆక్సిజన్ సరిగా అందని చోట కూడా బతికే ఒక పురుగు తిలాపియాకూ బంగారు తీగకూ ఇష్టమైన తిండి. కుట్టని దోమల జాతి పిల్ల అది, ఒంట్లో మన లాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే నెత్తురు రంగు. అక్వేరియం షాపుల్లో గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు ఇవే. దాన్ని కట్టడానికి జాకెట్టు దారం, రాగి తీగ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ముల్లు మీద ఎర్ర దారం ఒత్తుగా చుట్టి, దాని మీద తీగ ఎడం ఎడంగా చుడితే పురుగు ఒంటి గీతలు వస్తాయి.

మత్స్యకారుల సంఘం పెద్దాయన్ని అడిగి అదే కుంట గట్టు మీద నిలబడ్డాను. "ఎర ఏది బిడ్డా?" అన్నాడు. చూపించాను. వేలి మీద పెట్టుకుని తిప్పి చూసి, "గిది దారమే గద" అని తిరిగి ఇచ్చేశాడు. గంటన్నరలో అరచేయంత తిలాపియాలు మూడు పడ్డాయి, మూడూ ఆ ఒక్క ముల్లుకే. మూడోదాని పళ్ళకు దారం పేలికలైంది.

మర్నాడు ఆ దారం రీలు పట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్ళాను. రీలు అడుగున చిన్న చీటీ మీద షేడ్ నంబరు ఉంది. అదే నంబరువి రెండు రీళ్ళు ఎక్కువే కొని, సాయర్ ఉన్ని గుర్తొచ్చి, ఇంకొకటి కూడా ఇమ్మన్నాను.