క్యాబ్ ఆగాక లెక్క తప్పింది

పది గంటల పని మీద గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది ఆ అంకెకే చేరింది. నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను (కార్మిక చట్టాలను) అమల్లోకి తేవడంతో ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఎవరికివ్వాలి, గంటలు ఎవరు లెక్కపెట్టాలి అన్న పేచీ పైకొచ్చింది. గచ్చిబౌలి బహుళజాతి సంస్థల్లో పనిచేసేవాళ్లు ఈ జీవో చూసి అడిగేది ఒక్కటే: పదేనా?

సైబర్ టవర్స్, హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ తొలి అడుగు, ఆ కథ అందరికీ తెలిసిందే. ఇక్కడ కావాల్సింది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48, రాత్రి 8.30 దాటితే ఆడవాళ్లతో పని చేయించకూడదు అని అందులో రాశారు. అమెరికా గడియారంతో నడిచే ఆఫీసుకు ఇది కుదరదు. అందుకే ఐటీ, ఐటీ ఆధారిత సేవల సంస్థలకు కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చి, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. మినహాయింపు ఊరికే ఇవ్వలేదు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి, వారాంతపు సెలవు ఉండాలి, రాత్రి పనిచేసే మహిళలకు భద్రత, రవాణా చూడాలి అని షరతులున్నాయి.

ఈ షరతుల్లో రవాణా ఒక్కటే నిజంగా పనిచేసింది, అదీ వేరే దారిలో. షిఫ్టు అంటే తొమ్మిది గంటలు, అందులో గంట విరామం. డ్రాప్ కావాలంటే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కు సాయంత్రమే పేరు వెళ్లాలి. రూటు వేయాలి, చివర దిగేది మహిళ అయితే సెక్యూరిటీ గార్డును ఎక్కించాలి. రాత్రి పదకొండు క్యాబ్ తప్పితే మళ్లీ ఒంటిగంటకే. మేనేజరు ఇంకో అరగంట కూర్చోమంటే విడిగా బండి పెట్టాలి, వెండరు దానికి ట్రిప్పు లెక్కన బిల్లు వేస్తాడు. ఆ బిల్లు ఫెసిలిటీస్ వాళ్ల బడ్జెట్లో కనిపిస్తుంది, నెలాఖరుకు ఎవరో ఒకరు అడుగుతారు.

అదనపు గంట ఖర్చుగా కనిపించిన చోటు అదొక్కటే. హైదరాబాద్‌లోని క్యాప్టివ్ సెంటర్, అంటే విదేశీ కంపెనీ తన పనికే పెట్టుకున్న ఆఫీసు, చాలావరకు మాతృసంస్థకు తన ఖర్చు మీద కొంత శాతం కలిపి బిల్లు వేస్తుంది. జీతం నెలకింత అని ముందే ఖాయం. ఇంజనీరు 40 గంటలు చేసినా 60 చేసినా ఆ బిల్లులో అంకె మారదు. గంటల లెక్కన బిల్లు వేసే సర్వీస్ కంపెనీల్లో టైమ్‌షీట్ ఉంటుంది. కానీ మొత్తం ధర ముందే ఖాయం చేసుకున్న ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో రోజుకు ఎనిమిది కంటే ఎక్కువ నింపితే బడ్జెట్ దాటిందని వెనక్కొస్తుంది. మర్నాడు ఎనిమిదే నింపి పంపుతారు.

2020 మార్చి దీన్నంతా తిరగేసింది. అప్పటిదాకా కాల్ సెంటర్లు, బీపీఓలు ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖకు సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, ఆ శాఖ ఒప్పుకున్న వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రమైన లైను) వాడాలి. లాక్‌డౌన్ ముంగిట ఆ నిబంధనలు సడలించారు, నవంబరు కల్లా దాదాపు ఎత్తేశారు. ల్యాప్‌టాప్ ఇంటికెళ్లింది, క్యాబ్ ఆగింది, దాంతో అదనపు గంటకు పడే బిల్లూ ఆగింది. ఇప్పటి గొడవంతా అక్కడే పుట్టిందని లెక్కలు చూస్తే తేలుతుంది. కంపెనీలు తర్వాత మనుషుల్ని వెనక్కి పిలిచాయి. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. పగలు ఆఫీసు తిరిగొచ్చింది, రాత్రి కాల్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మామూలు రోజు తీసుకోండి. ఉదయం 10.30కి గేటు దగ్గర కార్డు స్వైప్, సాయంత్రం 6.30కి బయటికి. రాత్రి 9 నుంచి 10.30 దాకా సియాటిల్‌తో కాల్. కాల్ మొదలయ్యేసరికి అక్కడ ఉదయం 8.30. అరగంట భోజనం తీసేస్తే తొమ్మిది గంటల పని, వారానికి 45. మొదటి స్వైప్ నుంచి కాల్ ముగిసేదాకా సరిగ్గా 12 గంటలు. జీవోలో విరామాలతో సహా పని విస్తరించగల గరిష్ఠ హద్దు అదే. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారం గంట వెనక్కి తిప్పుతుంది. వాళ్ల 8.30 మనకు రాత్రి పదవుతుంది, మన స్వైప్ మాత్రం 10.30కే. రోజు 13 గంటలకు సాగుతుంది, మార్చి దాకా అంతే. ఇక ఆన్‌కాల్ వంతు, అంటే ఏ వేళ సర్వర్లు మొరాయించినా చూసే వంతు, వచ్చిన వారం శనివారం అర్ధరాత్రి పేజర్ (ఆ అలారం) మోగితే అయిదు, పది నిమిషాల్లో అందుకోవాలి, లేకపోతే రెండోవాడికి, ఆపైన మేనేజరుకు పోతుంది. నాలుగు గంటలు సర్వర్లతో కుస్తీ పడితే వారం 49.

కంపెనీల మాట: ఫలితమే చూస్తాం, గంటలు చూడం, మధ్యాహ్నం పిల్లల స్కూలుకు వెళ్లొస్తే అడగం. అందులో నిజం లేకపోలేదు. 2024లో కర్ణాటకలో రోజుకు 14 గంటల ప్రతిపాదన వచ్చి, ఉద్యోగ సంఘం కిటూ వీధికెక్కినప్పుడు, ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ కూడా వారానికి 48 గంటలకే తమ మద్దతని చెప్పుకుంది.

మరి గంటలు చూడని చోట స్వైప్ డేటా ఎందుకు తీస్తున్నారు? వారానికి ఎన్ని రోజులొచ్చారు, లోపల ఎంతసేపున్నారు అన్న నివేదిక మేనేజరు దగ్గర ఉంటోంది. హాజరు తగ్గితే అది సాక్ష్యం. ఓవర్‌టైమ్ అడిగితే అదే డేటా పనికి కొలమానం కాదంటారు.

కొత్త కోడ్‌లలో మెలిక ‘వర్కర్’ నిర్వచనంలో ఉంది. సాంకేతిక పని చేసేవాళ్లు దాని కిందికి వస్తారు. మేనేజరు పని చేసేవాళ్లు రారు, సూపర్‌వైజరుగా ఉంటూ నెలకు రూ.18,000 దాటినవాళ్లూ రారు. కింద ఒక్కరూ లేకుండా రోజంతా కోడ్ రాసే మనిషికి ‘అసోసియేట్ మేనేజర్’ హోదా ఇచ్చే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. కోర్టులు హోదా పేరు కాక చేసే పనిని చూస్తాయి. అయితే ఆ పని ఏమిటో, ఎన్నింటిదాకా సాగిందో చూపాల్సిన భారం అడిగినవాడిదే. క్యాలెండర్‌లో రాత్రి కాల్స్, పేజర్ చరిత్ర, చాట్ సమయాలు అన్నీ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. రాజీనామా చేసినవాళ్లకు చివరి రోజు సాయంత్రమే లాగిన్ తీసేస్తారు.