మూలికల పొగమిశ్రమం వెలిగించగానే ఎందుకు భగ్గుమంటుంది?

అమెరికా, యూరప్ దేశాల్లో ‘మూలికల ధూపం’ పేరుతో రంగురంగుల రేకు పొట్లాల్లో అమ్ముడుపోయిన పొగమిశ్రమాలను సిగరెట్టులా చుట్టి వెలిగించినప్పుడు, కొన్నిసార్లు కొన నెమ్మదిగా రాజుకోవడానికి బదులు ఒక్కసారిగా మంట పైకి లేస్తుంది. చుట్టలోని పొగాకైనా, బీడీలోని పొడియైనా మామూలుగా అలా మండదు. ఈ మంటకు ప్రధాన కారణం ఆకు మీద పోసి ఆరబెట్టిన ద్రవం పూర్తిగా ఆరకపోవడమే. ఆ ద్రవం అక్కడికి ఎందుకు చేరిందో, ఎందుకు ఆరలేదో తెలుసుకుంటే, మంటకన్నా పెద్ద ప్రమాదం ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

‘స్పైస్’, ‘కే2’ వంటి పేర్లతో ఈ పొట్లాలు 2004 ప్రాంతం నుంచి యూరప్‌లో కనిపించసాగాయి. పొట్లం మీద ముద్రించిన మూలికల పేర్లు చూసి ఇవి ప్రకృతిసిద్ధమైనవని చాలామంది నమ్మారు. 2008 డిసెంబరులో జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ ఆకుల మీద జేడబ్ల్యూహెచ్-018 అనే కృత్రిమ రసాయనం ఉన్నట్లు కనుగొన్నారు. అది అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ బృందం పరిశోధన కోసం తయారుచేసిన పదార్థాల్లో ఒకటి. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో ఏ గ్రాహకాల (రసాయన సంకేతాలను అందుకునే కణభాగాల) మీద పనిచేస్తుందో ఇదీ వాటి మీదే, అంతకన్నా బలంగా పనిచేస్తుంది. అంటే ఇక్కడ మూలిక కేవలం వాహకం. మత్తంతా బయటినుంచి తెచ్చి అద్దినదే.

ఇటువంటి రసాయనాలు నీటిలో దాదాపుగా కరగవు కనుక, వాటిని ఆకుకు పట్టించడానికి ఎసిటోన్, ఇథనాల్ వంటి ద్రావణులను, అంటే పదార్థాలను కరిగించుకునే ద్రవాలను, వాడతారు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో తరచుగా ఉండేది ఎసిటోనే. ద్రావణి ఆవిరైపోయి మత్తుమందు ఆకు మీద మిగలాలన్నది తయారీదారుల లెక్క. అయితే ఈ పని శుభ్రమైన ప్రయోగశాలల్లో, కొలతలతో జరగదు. కాంక్రీటు కలిపే యంత్రాల్లో ఆకును, ద్రావణాన్ని కలిపి నేల మీద పరిచి ఆరబెట్టిన స్థావరాలను అమెరికా అధికారులు దాడుల్లో పట్టుకున్నారు.

రాజుకోవడానికీ మంట లేవడానికీ ఉన్న తేడా ఇక్కడ కీలకం. పూజగదిలో అగరువత్తి, కర్పూరం పక్కపక్కనే వెలుగుతాయి కాని, వాటి తీరు వేరు. అగరువత్తి మంటను ఆర్పిన తరువాత దాని కొనన ఘనరూపంలోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో నేరుగా కలుస్తూ ఎర్రగా కనలుతుంది. కర్పూరం మాత్రం ముందు ఆవిరిగా మారుతుంది. మండేది ఆ ఆవిరి. మంట అంటేనే వాయువు మండడం. ఎండుటాకు నుంచి మండే వాయువులు రావాలంటే మొదట అందులోని తేమ పోవాలి, ఆపైన సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని సెల్యులోజు విచ్ఛిన్నం కావాలి. గట్టిగా చుట్టిన ఆకులో ఇదంతా మెల్లగా జరుగుతుంది కనుక అది అగరువత్తిలాగే కనలుతూ కాలుతుంది.

ఎసిటోన్‌కు ఇంత వ్యవహారం అక్కరలేదు. అది 56 డిగ్రీల వద్దే మరుగుతుంది. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని అది సున్నాకు దాదాపు 20 డిగ్రీల దిగువన కూడా విడుదల చేస్తుంది. కాబట్టి గది వేడిమిలో ఎసిటోన్ తడి ఉన్న ఆకు చుట్టూ మండగల ఆవిరి ముందే సిద్ధంగా ఉంటుంది. లైటరు దగ్గరికి రావడమే తరువాయి. గాలిలో ఆ ఆవిరి రెండున్నర శాతం చేరితే చాలు, మిశ్రమం అంటుకుంటుంది. లెక్క వేసి చూస్తే, గ్రాములో పదోవంతు ఎసిటోన్ పూర్తిగా ఆవిరైతే ఒకటిన్నర లీటర్లకు పైగా గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు.

వేడి లెక్క చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) ఖర్చవుతాయి, అందుకే తేమగల ఆకు మంటను అణచివేస్తుంది. ఒక గ్రాము ఎసిటోన్‌కు దాదాపు 530 జౌళ్లు సరిపోతాయి. అది మండినప్పుడు మాత్రం సుమారు 30,000 జౌళ్లు తిరిగి వస్తాయి. ఆ వేడిలో కొద్ది భాగమే పక్కనున్న ద్రావణిని ఆవిరి చేసి మంటకు అందించడానికి చాలు. పైగా పీల్చేవాడు మొదటి దమ్ము లాగినప్పుడు వేడి గాలి చుట్ట లోపలికి ప్రవేశించి, నిప్పు ఇంకా చేరని చోట కూడా ద్రావణిని ఆవిరిగా లేపుతుంది. అందువల్ల మంట కాగితం వెంబడి ముఖం వైపు పాకే అవకాశం ఉంటుంది. ఎసిటోన్ మంట పసుపుగా కళ్లకు కనబడుతుంది. ఇథనాల్ మంట నీలిరంగులో పలుచగా ఉండి పగటి వెలుగులో సరిగా కనబడదు కనుక, నా దృష్టిలో అది మరింత ప్రమాదకరం.

ఇంత త్వరగా ఆవిరయ్యే ద్రవం పొట్లంలో ఎలా మిగులుతుందన్న సందేహం సహజం. ఆకు ఉపరితలం మీది తడి వెంటనే పోతుంది కాని, కణజాలం లోపలికి ఇంకినది సన్నని సందుల గుండా బయటికి రావడానికి చాలా సమయం పడుతుంది. మందంగా పరిచిన పొరలో అడుగు ఆకులకు గాలే అందదు. ఆపైన తొందరపడి రేకు పొట్లంలో మూసివేస్తే, ఆవిరి బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతుంది.

వాహకంగా వాడే ఆకుల స్వభావమూ ఇందుకు తోడవుతుంది. డమియానా, మల్లిన్, బెండ కుటుంబానికి చెందిన మార్ష్‌మాలో ఆకులు ఈ మిశ్రమాల్లో తరచుగా కనిపిస్తాయి. మల్లిన్, మార్ష్‌మాలో ఆకుల నిండా మెత్తని నూగు ఉంటుంది. ఆ నూగు ద్రవాన్ని బాగా పట్టి ఉంచుతుంది, గాలి ఆడేలా ఆకులను వదులుగానూ ఉంచుతుంది. మల్లిన్ ఆకులను ప్రాచీన గ్రీకులు, రోమన్లు దీపపు వత్తులుగా వాడారంటే, అవి మంటకు ఎంత అనుకూలమో ఊహించవచ్చు. అందుకే బాగా ఎండి పొడిపొడిగా ఉన్న మల్లిన్ ఆకు ద్రావణి లేకుండానే ఒక క్షణం మండగలదు. మంట కనిపించినంత మాత్రాన ద్రావణి మిగిలిందని తేల్చడానికి వీల్లేదు.

ద్రావణి ఆరేటప్పుడు జరిగే మరో పని కంటికి కనబడదు. ద్రవం ఎక్కడ త్వరగా ఆవిరైతే లోపలి ద్రవం అక్కడికి ప్రవహిస్తుంది, తనలో కరిగిన పదార్థాన్ని కూడా వెంట తీసుకుపోయి అక్కడే వదులుతుంది. ఆరిన కాఫీ మరక అంచున ముదురు వలయం ఏర్పడటానికి కారణం ఇదేనని షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, సహచరులు 1997లో వివరించారు. ఆకుల కుప్పలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది: పై పొరల్లో, అంచుల్లో, పొడి పేరుకున్న చోట మందు చిక్కబడుతుంది, మిగతా చోట్ల పలచబడుతుంది. బ్రిటన్ జైళ్లలోకి ఇవే రసాయనాలను ఉత్తరాల కాగితాలకు పట్టించి పంపుతుంటారు. అటువంటి కాగితాలను స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించగా, ఒకే కాగితంలో ఒక చోటికీ మరో చోటికీ మందు మోతాదు మారుతున్నట్లు తేలింది.

ఈ అసమానత నన్ను మంటకన్నా ఎక్కువగా కలవరపెడుతుంది. మంట కనురెప్పలను, వేళ్లను కాల్చవచ్చు. మోతాదు తేడా మనిషిని స్పృహ కోల్పోయేలా చేస్తుంది. 2016 జులై 12న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే రకం పొట్లం వాడిన 33 మంది వీధిలోనే మొద్దుబారి, చూపు నిలిచిపోయి కనిపించారు. ఆ ఆకుల మీద ఉన్నది ఏఎంబీ-ఫుబినాకా అనే రసాయనం, గ్రాముకు సగటున 16 మిల్లీగ్రాములు. ప్రయోగశాల పరీక్షల్లో దాని బలం గంజాయిలోని మత్తు పదార్థానికి సుమారు 85 రెట్లుగా తేలింది.

పొట్లాన్ని తెరిచి కొన్నాళ్లు గాలికి ఉంచితే ఎసిటోన్ వాసన పోతుంది, వెలిగించినప్పుడు మంట కూడా లేవకపోవచ్చు. అలా మిశ్రమం ‘బాగుపడిందని’ అనుకోవడం పొరపాటు. గది వేడిమిలో ఆవిరయ్యేది ద్రావణి మాత్రమే. మత్తు రసాయనాలకు వందల డిగ్రీల వేడి కావాలి. అవి ఆరే క్రమంలో ఎక్కడ పేరుకున్నాయో అక్కడే, అంతే పరిమాణంలో ఉండిపోతాయి.