బోర్డు సరేనన్న రోజు

కంపెనీతో గానీ, దాని ప్రమోటర్లతో (అంటే కంపెనీని పెట్టి, అదుపులో ఉంచుకునేవాళ్లతో) గానీ సంబంధం లేకుండా బోర్డులో కూర్చోవాల్సిన ఇండిపెండెంట్ డైరెక్టర్లను ఎవరు ఎన్నుకోవాలన్న గొడవ మళ్లీ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం, 7 వేల కోట్ల దొంగలెక్కలు, అరెస్టులు పక్కన పెడతాను. నా దృష్టిలో అసలు మలుపు మూడు వారాల ముందే, 2008 డిసెంబరు 16 నాటి బోర్డు మీటింగులో వచ్చింది.

ప్రమోటర్ రామలింగరాజు కుటుంబం చేతుల్లో ఉన్న మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, కలిపి 160 కోట్ల డాలర్లకు సత్యం కొనాలన్నది ఆ రోజు ప్రతిపాదన. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకని ఎవరికైనా తడుతుంది. (ఇంగ్లీషులో సత్యం స్పెల్లింగును తిరగేస్తే మేటాస్, అంటే చుట్టరికమైనా దాచలేదు.) బోర్డులో ఉన్నది అనామకులా? హార్వర్డ్ ప్రొఫెసర్, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్, ఒకప్పటి కేబినెట్ సెక్రటరీ. అయినా బోర్డు సరేనంది. ఆపింది వాటాదారులు: వాళ్లు తిరగబడి, అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోయాక, తెల్లారేసరికి కొనుగోలు రద్దయింది. పది శాతం వాటా కూడా లేని ప్రమోటర్‌కే బోర్డు అలా తలూపితే, అరవై డెబ్బై శాతం ఉన్నచోట సంగతి చెప్పాలా?

2013 కంపెనీల చట్టం ఈ పాఠం సగమే నేర్చుకుంది. లిస్టెడ్ కంపెనీ (స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీ) బోర్డులో కనీసం మూడోవంతు ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉండాలంది. సెక్షన్ 188 కింద సొంతవాళ్లతో చేసే లావాదేవీ వాటాదారుల ముందుకొస్తే, అందులో సంబంధం ఉన్నవాళ్లు ఓటెయ్యకూడదంది. బాగుంది. కానీ ఆ ప్రమోటర్ మీద కన్నేసి ఉంచాల్సిన మనిషిని ఎన్నుకునేటప్పుడు మాత్రం ప్రమోటరూ ఓటెయ్యొచ్చు, తీసేసేటప్పుడూ అంతే. టాటా సన్స్ చైర్మన్ పదవి నుంచి తొలగించిన సైరస్ మిస్త్రీ పక్షాన నిలిచిన ఇండిపెండెంట్ డైరెక్టర్ నుస్లీ వాడియాను 2016 డిసెంబరులో మూడు టాటా కంపెనీల బోర్డుల నుంచి తప్పించింది వాటి ప్రమోటర్ టాటా సన్స్ కూడా పాల్గొన్న ఓటింగుతోనే.

2021 మార్చిలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మంచి ఆలోచనే చేసింది, ఇండిపెండెంట్ డైరెక్టర్ నియామకానికి మొత్తం వాటాదారులతో పాటు ప్రమోటర్లు కానివాళ్ల మెజారిటీ కూడా విడిగా కావాలని. బోర్డులు రెండు వర్గాలవుతాయి, మంచివాళ్లు డైరెక్టర్లుగా రారు అన్నది అవతలివాళ్ల వాదన. జూన్ నాటికి ఆ ప్రతిపాదన పోయి ప్రత్యేక తీర్మానం మిగిలింది, 2022 జనవరి 1 నుంచి అమలు. అంటే పోలైన ఓట్లలో 75 శాతం. లిస్టెడ్ కంపెనీలో ప్రమోటర్ గరిష్ఠంగా ఉంచుకోగలిగే వాటా కూడా 75 శాతమే!

2022 నవంబరులో ఇంకో దారి తెరిచారు. 75 శాతం రాకపోయినా, మామూలు మెజారిటీ వచ్చి, ప్రమోటర్లు కాని వాటాదారుల ఓట్లలోనూ మెజారిటీ ఉంటే నియామకం చెల్లుతుంది. అంటే చిన్న వాటాదారుడి ఓటును విడిగా లెక్కపెట్టేది ప్రమోటర్‌కు బలం చాలనప్పుడే, అతన్ని ఆపాల్సి వచ్చినప్పుడు కాదు.