తెర నిలువుగా తిప్పాక లినక్స్‌లో మరకలు, చీలికలు

కోడ్ రాసేవాళ్లు, పొడవాటి పత్రాలు చదివేవాళ్లు రెండో మానిటర్‌ని నిలువుగా పెట్టుకోవడం మామూలే. స్టాండు మీద తెర తిప్పి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘లెఫ్ట్’ ఎంచుకుంటే బొమ్మ తిరుగుతుంది. తంటా ఆ తర్వాతే. విండోను జరిపితే దాని నీడ పాత చోటే మరకలా మిగిలిపోతుంది. వీడియో మధ్యలో నిలువుగా చీలుతుంది. రెండూ గ్రాఫిక్స్ కార్డు జబ్బుల్లాగే కనిపిస్తాయి గానీ పుట్టుక వేరు, మందు కూడా వేరు.

ఎక్స్11 (లినక్స్‌లో విండోలను తెర మీదకు తెచ్చే పాత వ్యవస్థ) మీద ఏది ఏదో తేల్చడానికి ఒక స్క్రీన్‌షాట్ చాలు. మరక స్క్రీన్‌షాట్‌లోనూ పడితే తప్పు కంపోజిటర్‌ది, అంటే విండోలకు నీడలు, పారదర్శకత అద్ది ఒక్క బొమ్మగా పేర్చే ప్రోగ్రాముది. కంటికి కనిపించినది స్క్రీన్‌షాట్‌లో లేకపోతే తప్పు ఆ తర్వాతి దశలో జరిగింది.

ముందు కంపోజిటర్ సంగతి. 1920×1080 తెరలు రెండు పక్కపక్కన ఉంటే ఎక్స్11కి అదంతా 3840×1080 ఉన్న ఒకే పలక. ఒకదాన్ని నిలబెడితే పలక 3000×1920 అవుతుంది. అడ్డంగా ఉన్న తెర కింద 1920×840 మేర ఏ మానిటర్‌కీ చెందని ఖాళీ మిగులుతుంది; మాయమైన విండోలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి. పలక కొలత మారగానే కంపోజిటర్ తన టెక్స్చర్లన్నీ (గ్రాఫిక్స్ మెమరీలో దాచుకున్న బొమ్మలు) కొత్తగా తయారుచేసుకోవాలి. పైగా అది ప్రతిసారీ తెర మొత్తం గీయదు, మారిన ముక్కలను మాత్రమే గీస్తుంది. ఆ ముక్కల లెక్క పాత కొలతల్లో ఉండిపోతే కొంత భాగం ఎప్పటికీ తుడవబడదు. అదే మరక.

కంపోజిటర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడితే ఇది పోవాలి. కేడీఈ డెస్క్‌టాప్ ఎక్స్11 సెషన్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్12 కలిపి రెండుసార్లు నొక్కాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో విండో మేనేజర్ ట్వీక్స్‌లోని కంపోజిటర్ ట్యాబ్‌లో టిక్ తీసి మళ్లీ పెట్టాలి. పికామ్ అనే విడి కంపోజిటర్ వాడేవాళ్లు ‘యూజ్-డ్యామేజ్’ను ఫాల్స్ చేసి చూడాలి. అప్పుడు ప్రతి ఫ్రేమూ పూర్తిగా గీస్తుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది గానీ దోషం ఎక్కడుందో తేలిపోతుంది.

చీలిక కథ వేరు. ఎక్స్11ను నడిపే ఎక్స్ సర్వర్ సాధారణంగా నేరుగా తిప్పిన బొమ్మను గీయదు. నిటారు బొమ్మను తిప్పి ఇంకో బఫర్‌లోకి (మెమరీలోని తాత్కాలిక చోటు) నకలు తీస్తుంది, తెరకు వెళ్లేది ఆ నకలే. ఒక్కో ఫ్రేము దాదాపు 8.3 మెగాబైట్లు, తెరంతా మారుతుంటే 60 హెర్ట్జ్ దగ్గర సెకనుకు సుమారు 500 మెగాబైట్ల నకలు. తెర చదువుతుండగానే నకలు మారితే సగం పాత ఫ్రేము, సగం కొత్తది కనిపిస్తాయి. ప్యానెల్ మాత్రం తన పాత దిశలోనే వరుసలు గీస్తుంది కాబట్టి, మామూలుగా అడ్డంగా పడే గీత ఇక్కడ నిలువుగా పడుతుంది. కంపోజిటర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఇది పోదు. ఏఎండీ కార్డుల ఏఎండీజీపీయూ ఎక్స్ డ్రైవర్‌లో ‘టియర్‌ఫ్రీ’ అనే ఎంపిక ఉంది. దాని డిఫాల్ట్ విలువ ‘ఆటో’, తిప్పిన తెరలకు అది తనంతట తానే పనిచేస్తుంది. ఎన్విడియాలో ‘ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్’ పెట్టాలి. కుదిరితే ఎక్స్11 బదులు వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌కి మారడమే మేలు: అక్కడ తిప్పేదీ పేర్చేదీ ఒకే ప్రోగ్రాము కాబట్టి మధ్యలో ఈ నకలు బెడద ఉండదు.

అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తే అది ఈ రెండింటిలో ఏదీ కాదు. పిక్సెల్‌లో పక్కపక్కనుండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు ఇప్పుడు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ‘లెఫ్ట్’ తిప్పుడుకు ఫాంట్‌కాన్ఫిగ్‌లో (లినక్స్ ఫాంట్ల అమరికలు చూసేది) ఆ గీతల, అంటే సబ్‌పిక్సెల్ క్రమాన్ని ‘వీఆర్‌జీబీ’ (పై నుంచి కిందికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చేయాలి. పక్క తెర అడ్డంగానే ఉంటే దాని మీద అక్షరాలు చెడతాయి. అప్పుడు అంచులకు రంగుల గీతలు వాడని గ్రేస్కేల్ ఎంచుకోవడమే దారి.