పాడితే ఎగిరే బార్లు: లైవ్ స్పెక్ట్రమ్ కోడింగ్‌లో అపోహలు - వాస్తవాలు

మైక్ ఆన్ చేసి, పాడుతుంటే ఎగిరే బార్లను బ్రౌజర్‌లో గీయడం ఇప్పుడు యాభై అరవై లైన్ల పని. ఒక్కో బార్ శబ్దంలో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపిస్తుంది; అలాంటి బొమ్మే స్పెక్ట్రమ్. ఆ బార్లు ఏం చెబుతున్నాయో సరిగ్గా చదవడమే కష్టం. సంగీతం నేర్చుకునేవాళ్ల కోసం ఇలాంటి టూల్ రాస్తున్నాను కాబట్టి, నన్ను తరచూ అడిగేవి, నేనూ మొదట్లో నమ్మినవి ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న బారే శ్రుతి.

కాదు. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగగొంతుకు మధ్యస్థాయి షడ్జమం దాదాపు 138.6 హెర్ట్జ్. ఆ గొంతులో దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉన్న ఫ్రీక్వెన్సీలు కూడా కలిసే వస్తాయి. వాటిలో ఏది బలంగా ఉంటుందనేది పలికే అచ్చును బట్టి మారుతుంది. అదే స్వరం మీద నిలిచి ‘ఆ’ నుంచి ‘ఈ’కి మారి చూడండి. శ్రుతి కదలదు, ఎత్తైన బార్ మాత్రం చోటు మార్చుకోవచ్చు. శ్రుతి కావాలంటే ఆటోకోరిలేషన్ వాడండి. తరంగం ఎంత సమయానికోసారి తనలాగే మళ్లీ వస్తోందో అది చూస్తుంది.

అపోహ: ఎఫ్ఎఫ్‌టీ సైజ్ పెంచితే అంతా మెరుగవుతుంది.

శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క ఎఫ్ఎఫ్‌టీ. ఒక్కోసారి ఎన్ని శాంపిల్స్ (శబ్దం కొలతలు) తీసుకుంటుందో అదే దాని సైజ్. నాకు ఎక్కువ కాలం పట్టిన పాఠం ఇదే. బ్రౌజర్‌లో శబ్దం పని చూసే వెబ్ ఆడియోలో, ఈ లెక్క చేసే అనలైజర్ నోడ్ మామూలుగా 2048 శాంపిల్స్ తీసుకుంటుంది. సెకనుకు 44,100 శాంపిల్స్ అయితే ఒక్కో గడి, అంటే ఒక్కో బార్ కిందికి వచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు, 21.5 హెర్ట్జ్. ఒకటో శ్రుతి షడ్జమం 130.8, ఒకటిన్నరది 138.6. రెండూ ఒకే గడిలో పడతాయి! అరమెట్టు తేడా ఆ బొమ్మలో కనిపించనే కనిపించదు.

సరే, 16,384కు పెంచుదాం. గడి 2.7 హెర్ట్జ్‌కు తగ్గుతుంది, రెండు షడ్జమాలూ విడివిడిగా కనిపిస్తాయి. కానీ ఇప్పుడు ఒక్కో బొమ్మలో 0.37 సెకన్ల శబ్దం ఉంటుంది. ఆలోపు గమకం ఊగి వెళ్లిపోతుంది, మృదంగం మీద కొన్ని దెబ్బలు పడిపోతాయి. అన్నీ కలిసి మసకగా కనిపిస్తాయి. స్వరం కచ్చితంగా తెలియాలంటే సమయం ఇవ్వాలి. సమయం కచ్చితంగా తెలియాలంటే స్వరం దగ్గర కొంత వదులుకోవాలి. ఏ ప్రోగ్రామరూ దీన్ని తప్పించలేడు. అందుకే నేను ఒకే మైక్‌కు రెండు అనలైజర్లు తగిలిస్తాను: లయకు చిన్నది, శ్రుతికి పెద్దది.

ఇంకోటి: స్మూతింగ్ విలువ మామూలుగా 0.8 ఉంటుంది. అంటే ప్రతి బార్‌లో 80 శాతం పాత విలువే. చూడ్డానికి బాగుంటుంది గానీ, దెబ్బ పడిన క్షణాన్ని మెత్తబరుస్తుంది. లయ అనలైజర్‌లో దాన్ని సున్నా చేయండి.

అపోహ: మైక్ విన్నదే తెర మీద కనిపిస్తుంది.

తంబూరా శ్రుతి పెట్టి పరీక్షిస్తుంటే బార్లు లేచి, కొద్ది సెకన్లలో వాటంతటవే కుంగిపోయేవి. తప్పు నా లెక్కలోనే ఉందనుకుని రెండు సాయంత్రాలు టెన్షన్‌తో వెతికాను. అసలు కారణం నాయిస్ సప్రెషన్. ఫోన్ కాల్స్‌లో మాట స్పష్టంగా వినపడాలని పెట్టిన ఏర్పాటు అది. ఆగకుండా ఒకేలా మోగేదాన్ని ఫ్యాన్ చప్పుడు కింద లెక్కగట్టి తగ్గిస్తుంది. తంబూరా మోగేది సరిగ్గా అలాగే కదా! మైక్ అడిగేటప్పుడే నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్, ఆటో గెయిన్ కంట్రోల్ మూడింటినీ ఆపమని కోడ్‌లో రాయండి.

అపోహ: ఇంత లెక్క లైవ్‌లో చేయాలంటే పెద్ద మెషీన్ కావాలి.

అక్కర్లేదు. ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్కను 2048 శాంపిల్స్‌కు నేరుగా చేస్తే దాదాపు 42 లక్షల గుణకారాలు. 1965లో గణిత శాస్త్రవేత్తలు కూలీ, టూకీ ప్రచురించిన ఎఫ్ఎఫ్‌టీ పద్ధతిలో అది వేలల్లోకి దిగుతుంది. మామూలు ఫోన్‌కు అది చిన్న పనే. నెమ్మదిస్తే ముందు బొమ్మ గీసే కోడ్‌ను చూడండి.

అపోహ: గడులన్నిటినీ సమాన వెడల్పుతో గీస్తే చాలు.

అలా గీస్తే తెరలో కుడి సగమంతా 11,000 హెర్ట్జ్ పైన ఉన్న సన్నని శబ్దాలకే పోతుంది. పాట మొత్తం ఎడమ మూల ఇరుక్కుంటుంది. మన చెవికి ప్రతి స్థాయీ (స నుంచి పై స వరకు) ఫ్రీక్వెన్సీలో రెట్టింపే కాబట్టి, లాగరిథమిక్ స్కేల్‌లో ఒక్కో స్థాయికి సమానమైన చోటు ఇవ్వండి.

అయినా సమాన వెడల్పు బటన్ ఒకటి నా టూల్‌లో ఉంచాను, మృదంగం కోసం. మామూలు తోలు వాద్యంలో పై ఫ్రీక్వెన్సీలు అసలుదానికి పూర్ణాంక రెట్లుగా ఉండవు. మృదంగం కుడివైపు నల్లటి పూత వాటిని ఇంచుమించు ఆ వరుసలోకి తెస్తుంది. సి.వి. రామన్, శివకాళీ కుమార్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో దీని గురించి రాశారు. సమాన స్కేల్ పెట్టి కుడివైపు ఒక్క దెబ్బ వేస్తే, దాదాపు సమదూరంలో లేచే శిఖరాలు తెర మీద కనిపిస్తాయి.